కార్తీక పౌర్ణమి పోటు చైత్ర పౌర్ణమి పోటు కంటే ఎందుకు ఎక్కువ?

ప్రశ్న: ఉప్పాడ తీరం

మాది కాకినాడ దగ్గరి ఉప్పాడ. అమావాస్యకూ పౌర్ణమికీ సముద్రం పోటెత్తుతుందనీ, అష్టమి ప్రాంతంలో నీరు అంతగా పైకి రాదనీ వేటకు వెళ్లే పెద్దలు చెబుతుంటే చిన్నప్పటి నుంచి వింటున్నాను. అది నిజమేనని కళ్లారా చూస్తున్నాను కూడా. అయితే పాఠ్యపుస్తకాల్లో దీనికి ఇచ్చే వివరణ నాకు పూర్తిగా మింగుడుపడడం లేదు.

సూర్యుడు భూమిని లాగే బలం చంద్రుడు లాగే బలం కంటే ఎన్నో రెట్లు ఎక్కువని ఆ పుస్తకాలే చెబుతాయి. అలాంటప్పుడు ఆటుపోట్లలో పెద్ద పాత్ర చంద్రుడికి ఎలా దక్కింది? అమావాస్య నాడు సూర్యచంద్రులు ఒకే వైపున ఉండి కలిసి లాగుతారంటే అర్థమవుతుంది. పౌర్ణమి నాడు ఇద్దరూ భూమికి చెరో వైపున ఉంటారు కనుక ఒకరి బలం మరొకరి బలాన్ని తగ్గించాలి కదా?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆలోచింపజేసే విషయం మరొకటి ఉంది. అన్ని పౌర్ణములూ ఒక్కలా ఉండవు. కార్తీక పౌర్ణమి నాడు నీరు వచ్చి తాకే చోటికి చైత్ర పౌర్ణమి నాటి పోటు చేరదు. చంద్రుడూ అతడే, తిథీ అదే అయినప్పుడు ఈ తేడా ఎక్కడి నుంచి వస్తోందో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకుడు

మీ మొదటి రెండు సందేహాలకూ మూలం ఒక్కటే కనుక వాటికి కలిపి సమాధానం రాస్తున్నాను. మూడోదాన్ని సముద్రంతో పని ఉన్నవారికే వదిలేస్తాను.

సూర్యుడు భూమిని లాగే బలం చంద్రుడు లాగే బలానికి దాదాపు 180 రెట్లు ఉంటుందన్నది నిజమే. కానీ ఆ బలం నేలనూ నీటినీ కలిపే లాగుతుంది. రెండూ ఒకే తీరుగా కదులుతున్నంతసేపూ నేల మీద నిలబడిన మనకు నీటి మట్టంలో మార్పేమీ కనిపించదు. మట్టం మారాలంటే భూమి ఉపరితలం మీద ఒక చోట పనిచేసే ఆకర్షణకూ, భూకేంద్రం దగ్గర పనిచేసే ఆకర్షణకూ మధ్య తేడా ఉండాలి. ఆటుపోట్లను పుట్టించేది ఈ తేడాయే తప్ప మొత్తం ఆకర్షణ కాదు.

ఆకర్షణ బలం దూరపు వర్గాన్ని అనుసరించి తగ్గుతుంది. ఈ తేడా మాత్రం దూరపు ఘనాన్ని అనుసరించి తగ్గుతుంది. సూర్యుడి ద్రవ్యరాశి చంద్రుడి ద్రవ్యరాశికి సుమారు 2 కోట్ల 70 లక్షల రెట్లు, సూర్యుడి దూరం చంద్రుడి దూరానికి సుమారు 390 రెట్లు. 390 ఘనం దాదాపు 5 కోట్ల 90 లక్షలు. మొదటి సంఖ్యను రెండో సంఖ్యతో భాగిస్తే 0.46 వస్తుంది. అంటే చంద్రుడు కలిగించే పోటు 1 అనుకుంటే సూర్యుడు కలిగించేది అందులో సగానికి కొంచెం తక్కువ. అంత పెద్ద సూర్యుడు ఇంత చిన్న చంద్రుడి ముందు వెనకబడడానికి దూరం ఒక్కటే కారణం.

ఇక పౌర్ణమి సంగతి. తన వైపున ఉన్న నీటిని చంద్రుడు భూకేంద్రం కంటే కాస్త ఎక్కువగా లాగుతాడు, అవతలి వైపు నీటిని భూకేంద్రం కంటే కాస్త తక్కువగా లాగుతాడు. మొదటి చోట నీరు భూమిని దాటి ముందుకు జరగబోతుంది. రెండో చోట భూమే నీటిని వెనక వదిలి ముందుకు జరగబోతుంది. అందువల్ల ఒకే గీత మీద రెండు వైపులా ఉబ్బు ఏర్పడుతుంది. సూర్యుడి వల్ల కూడా అచ్చం ఇలాగే రెండు వైపులా ఏర్పడుతుంది. కాబట్టి సూర్యుడు చంద్రుడి పక్కన ఉన్నాడా, ఎదురుగా ఉన్నాడా అన్నది ముఖ్యం కాదు. ముగ్గురూ ఒకే గీత మీద ఉంటే చాలు, రెండు ప్రభావాలూ కలిసి 1.46 అవుతాయి, పుస్తకాల్లో పర్వవేల అనేది దీన్నే. అష్టమి ప్రాంతంలో సూర్యచంద్రులు లంబకోణంలో ఉంటారు కనుక ఒకటి నుంచి మరొకటి తీసివేయగా 0.54 మాత్రమే మిగులుతుంది, అది లఘువేల. రెండింటి మధ్య దాదాపు 2.7 రెట్ల తేడా ఉంది. మీ ఊరి పెద్దలు గమనించింది దీన్నే.

చంద్రుడు నీటిని నిలువుగా పైకి ఎత్తుతాడని అనుకోవడం కూడా పొరపాటే. నిలువు దిశలో చంద్రుడి ఆకర్షణలోని ఆ తేడా భూమ్యాకర్షణలో దాదాపు 90 లక్షల వంతు మాత్రమే, దానికి సముద్రాన్ని ఎత్తే శక్తి లేదు. పక్కకు పనిచేసే భాగం వేల కిలోమీటర్ల పొడవునా నీటిని కొద్దికొద్దిగా నెట్టి ఒక వైపుకు చేరుస్తుంది. చెరువులోనో బావిలోనో పోటు కనిపించకపోవడానికి కారణం ఇదే, నెట్టి పోగుచేయడానికి అక్కడ అంత విస్తీర్ణం లేదు.

జవాబు: రేవు లెక్కలు

అధ్యాపకుల వారి వివరణలో లోపమేమీ లేదు. కానీ దాన్ని చదివినవారు చంద్రుడు నడినెత్తికి వచ్చినప్పుడు మన తీరంలో నీరు పైకి వస్తుందని అనుకునే ప్రమాదం ఉంది. రేవులో పనిచేసే ఎవరినైనా అడగండి, అలా జరగదని చెబుతారు.

న్యూటన్ 1687లో ప్రచురించిన సిద్ధాంతం భూమి అంతా ఒకే లోతున్న నీటితో కప్పి ఉన్నట్టూ, ఆ నీరు ఎప్పటికప్పుడు బలాలకు అనుగుణంగా సర్దుకుంటున్నట్టూ భావిస్తుంది. ఆ లెక్కన నడి సముద్రంలో చంద్రుడి వల్ల మట్టం మారేది అర మీటరుకు కాస్త పైన మాత్రమే. అసలు సముద్రానికి అడుగు ఉంది, ఒడ్డు ఉంది. నాలుగు కిలోమీటర్ల లోతున్న నీటిలో ఇలాంటి పొడవైన అల గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో పోగలదు. భూమధ్యరేఖ దగ్గర చంద్రుడి కింది బిందువు గంటకు 1,600 కిలోమీటర్ల వేగంతో పడమటికి పరుగెడుతుంది. నీరు దాన్ని అందుకోలేదు. పైగా ఆఫ్రికా, అమెరికా ఖండాలు ఉత్తర దక్షిణాలుగా అడ్డం నిలబడి ఉన్నాయి. అందుకే పోటును చంద్రుడి వెంట నడిచే ఉబ్బుగా కాక, ఆ బలాలకు స్పందిస్తూ సముద్రంలో కదిలే అలగా చూడాలని ఫ్రెంచ్ గణిత శాస్త్రవేత్త లాప్లాస్ 1770లలో గణితపరంగా చూపించాడు.

దీన్నిబట్టి తేలేదేమిటంటే, పోటు ఎంత సేపటికొకసారి రావాలో ఆకాశం నిర్ణయిస్తుంది, ఎంత ఎత్తుకు రావాలో, ఏ వేళకు రావాలో ఆ సముద్రపు ఆకారమూ లోతూ నిర్ణయిస్తాయి. చంద్రుడు రోజూ కాస్త తూర్పుకు జరుగుతాడు కనుక అతడు మళ్లీ అదే స్థానానికి రావడానికి 24 గంటల 50 నిమిషాలు పడుతుంది. ఆ కారణంగా మన తీరంలో 12 గంటల 25 నిమిషాలకొక పోటు వస్తుంది, నిన్నటి పోటు ఈ రోజు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. ఇది విశాఖకూ వర్తిస్తుంది, చెన్నైకీ వర్తిస్తుంది. ఎత్తు మాత్రం చోటును బట్టి మారిపోతుంది. పర్వవేలలో పోటు పాటుల (నీరు ఎక్కడం, దిగడం) మధ్య తేడా చెన్నై దగ్గర సుమారు ఒక మీటరు, విశాఖ దగ్గర ఒకటిన్నర మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. హుగ్లీ నది ముఖద్వారానికి చేరేసరికి నాలుగైదు మీటర్లవుతుంది. గుజరాత్‌లోని ఖంబాత్ సింధుశాఖ గరాటులా సన్నబడుతూ పోవడం వల్ల భావ్‌నగర్ దగ్గర పది మీటర్లు దాటుతుంది, అక్కడి రేవులో ఓడలు పాటు వేళ నేలకు ఆనకుండా నీటిని తలుపులతో బంధించి ఉంచవలసి వస్తుంది. కెనడాలోని ఫండీ అఖాతంలో నీరు ఇటు నుంచి అటు ఊగే సహజ కాలం చంద్రుడి పోటు కాలానికి చాలా దగ్గరగా ఉంది. ప్రతి పోటూ ముందరి ఊపుకు తోడై అక్కడ తేడా 16 మీటర్ల వరకు పోతుంది. అక్కడ కూడా ఉన్నది ఈ చంద్రుడే.

వేటకు వెళ్లేవారికి పనికివచ్చే సంగతులు రెండున్నాయి. పర్వవేల సరిగ్గా అమావాస్య, పౌర్ణమి రోజునే కాక చాలా చోట్ల ఒకటి రెండు రోజులు ఆలస్యంగా వస్తుంది. రెండోది, ఒక రేవులో పౌర్ణమి నాటి పోటు ఏ వేళకు వస్తుందో అన్ని పౌర్ణములకూ, అమావాస్యలకూ ఇంచుమించు అదే వేళకు వస్తుంది. పూర్వం నావికులు తమ పటాల మీద ప్రతి రేవు పక్కనా ఆ వేళను రాసుకుని, మిగతా రోజులకు రోజుకు 50 నిమిషాల చొప్పున కలుపుకొనేవారు. ఇప్పుడు భారత సర్వేక్షణ శాఖ ఏటా ప్రచురించే పోటు పట్టికలు ఉన్నాయి కనుక ఆ అవసరం తగ్గింది.

జవాబు: పంచాంగం చదివే మనిషి

చర్చలో తిథి ప్రస్తావన వచ్చింది కనుక దాని గురించి కొంత చెప్పాలనిపించింది. మన పంచాంగంలో తిథి అంటే సూర్యుడి నుంచి చంద్రుడు 12 డిగ్రీలు దూరం జరగడానికి పట్టే కాలం. సున్నా డిగ్రీల దగ్గర అమావాస్య, 180 డిగ్రీల దగ్గర పౌర్ణమి ముగుస్తాయి. 90 డిగ్రీల దూరం సరిగ్గా అష్టమి మధ్యలో పడుతుంది. అధ్యాపకుల వారు 1.46, 0.54 అని చెప్పిన లెక్క పూర్తిగా ఈ కోణం మీదే ఆధారపడింది. ఇంగ్లీషు తేదీ చూస్తే పోటు గురించి ఏమీ తెలియదు, తిథి చూస్తే సగం తెలిసిపోతుంది. చదువుతో పని లేకుండా జాలర్లు తిథిని నమ్ముకోవడంలో మూఢనమ్మకమేమీ లేదు.

మిగతా సగం తిథిలో దొరకదు. చంద్రుడి కక్ష్య గుండ్రంగా లేదు. అతడు కొన్నిసార్లు 3 లక్షల 60 వేల కిలోమీటర్ల లోపుకు వస్తాడు, కొన్నిసార్లు 4 లక్షలు దాటిపోతాడు. దూరపు ఘనం లెక్క కనుక ఈ చిన్న తేడాకే అతడి ప్రభావం దాదాపు 40 శాతం మారుతుంది. దగ్గరి నుంచి దగ్గరికి రావడానికి 27 రోజుల 13 గంటలు, అమావాస్య నుంచి అమావాస్యకు 29 రోజుల 13 గంటలు పడతాయి కాబట్టి ఈ రెండూ ఎప్పుడూ కలిసి నడవవు. ఏడాదిలో కొన్ని పౌర్ణములకే అతడు బాగా దగ్గరగా ఉంటాడు. పత్రికలు సూపర్ మూన్ అని రాసే రోజులవే. దానివల్ల మన తీరంలో పోటు కొన్ని అంగుళాలు పెరుగుతుందే తప్ప ప్రళయమేమీ రాదు. గ్రహణం రోజున సముద్రం పొంగుతుందని ప్రచారమయ్యే కబుర్లూ అంతే. గ్రహణం నాడు ముగ్గురూ మరింత కచ్చితంగా ఒకే గీత మీదికి వస్తారు, కానీ మామూలు పౌర్ణమితో పోలిస్తే పోటులో దానివల్ల కలిగే తేడా అతి స్వల్పం.

సూర్యుడు భూమధ్యరేఖ మీద ఉండే మార్చి, సెప్టెంబర్ నెలల్లో వచ్చే పర్వవేలలు సాధారణంగా మిగతా నెలల కంటే బలంగా ఉంటాయి. ఇక్కడే ప్రశ్న అడిగినవారి మూడో సందేహం నాకు చిక్కుముడిగా తోస్తోంది. చైత్ర పౌర్ణమి మార్చి చివర నుంచి ఏప్రిల్‌లోపల, అంటే విషువత్తుకు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకు) దగ్గరగా వస్తుంది. కార్తీక పౌర్ణమి ఎక్కువగా నవంబర్‌లో వస్తుంది. ఆకాశాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంటే చైత్ర పౌర్ణమి పోటే పెద్దదిగా ఉండాలి. ఉప్పాడ వారు చూస్తున్నది దానికి పూర్తి విరుద్ధం.

జవాబు: రేవు లెక్కలు

చాలా సరైన చిక్కుముడిని పట్టుకున్నారు. ఉప్పాడ వారు చూస్తున్నదీ నిజమే, మీ లెక్కా నిజమే. రెండింటి మధ్యా దాగి ఉన్నది బంగాళాఖాతపు సగటు మట్టం.

పోటూ పాటూ అన్నీ కలిపి నెల మొత్తానికి సగటు తీస్తే సముద్ర మట్టం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. విశాఖ దగ్గర అది మార్చి, ఏప్రిల్ నెలల్లో బాగా కిందికి దిగి, అక్టోబర్, నవంబర్ నెలల్లో పైకి వస్తుంది. ఈ తేడా పదుల సెంటీమీటర్లలో ఉంటుంది, మన దేశపు తీరాల్లో ఇది పెద్ద తేడాయే. విశాఖలో మొత్తం పోటు పాటుల వ్యత్యాసమే ఒకటిన్నర మీటర్ల ప్రాంతంలో ఉన్నప్పుడు, దాని కింది పీఠమే ఇంతగా పైకీ కిందికీ జరిగితే విషువత్తు వల్ల కలిగే చిన్న లాభం అందులో మునిగిపోతుంది.

పీఠం ఎందుకు జరుగుతుందంటే, భూమి అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండడం వల్ల సూర్యుడి వేడి ఆరు నెలలు ఉత్తరార్ధం మీద ఎక్కువగా పడుతుంది, నేల వేడెక్కి రుతుపవనాలను రప్పిస్తుంది. నైరుతి వానలతో నిండిన గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ నదులు వర్షాకాలం చివరికి అపారమైన మంచినీటిని బంగాళాఖాతంలో కలుపుతాయి. ఉప్పు తక్కువైన నీరు తేలిక కనుక అదే బరువుకు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, మట్టం పెరుగుతుంది. అంతకంటే ముఖ్యమైనది తీరం వెంట నడిచే ప్రవాహం. అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు అది ఉత్తరం నుంచి దక్షిణానికి పోతుంది. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు తన కుడి వైపుకు ఒరుగుతుంది. దక్షిణంగా పోయే నీటికి కుడి వైపున ఉన్నది మన ఒడ్డే కనుక నీరు ఒడ్డున పోగవుతుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ప్రవాహం ఉత్తరంగా తిరుగుతుంది, అప్పుడు కుడి వైపున ఉన్నది నడి సముద్రం. నీరు ఒడ్డు నుంచి తొలగి మట్టం దిగుతుంది, అడుగున ఉన్న చల్లని నీరు పైకి వస్తుంది. చైత్రంలో మన తీరంలో మునిగినవారికి నీరు చల్లగా తగలడానికి ఇదీ ఒక కారణమే.

కాబట్టి సూర్యుడు రెండు దారుల్లో మీ ఊరి పోటు మీద పనిచేస్తున్నాడు. ఆకర్షణ దారిలో చంద్రుడికి సగం వాటాదారుడిగా పదిహేను రోజుల లయను ఇస్తాడు. వేడి దారిలో గాలులనూ నదులనూ ప్రవాహాలనూ కదిలించి ఏడాది లయను ఇస్తాడు. కార్తీక పౌర్ణమి రెండో దారి ఉచ్చస్థితిలో ఉన్నప్పుడు వస్తుంది. దీనికి తోడు ఒడ్డున ఇసుక కూడా ఋతువును బట్టి కోసుకుపోతూ, మళ్లీ చేరుతూ ఉంటుంది కనుక నీరు ఎంత లోపలికి వచ్చిందన్నది చూసి మాత్రమే మట్టం ఎంత పెరిగిందో అంచనా వేయకండి.

జవాబు: భౌతికశాస్త్ర అధ్యాపకుడు

ఒక చిన్న చేర్పు. ఈ నీరంతా అడుగున నేలతో ఒరుసుకుంటూ కదలడం వల్ల భూభ్రమణం నెమ్మదిస్తుంది, భూమి కోల్పోయిన కోణీయ ద్రవ్యవేగం (తిరుగుడులో ఉండే ఊపు) చంద్రుడికి చేరి అతడు దూరం జరుగుతాడు. 1969 నుంచి అపోలో యాత్రికులు చంద్రుడి మీద అమర్చిన అద్దాలకు లేజర్ కిరణాలు పంపి కొలిస్తే ఆ దూరం ఏటా 3.8 సెంటీమీటర్లు పెరుగుతోందని తేలింది. దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి డెవోనియన్ యుగపు శిలాజ పగడాల్లో రోజువారీ పెరుగుదల గీతలను జాన్ వెల్స్ అనే శాస్త్రవేత్త లెక్కించి, అప్పట్లో ఏడాదికి దాదాపు 400 రోజులు ఉండేవని 1963లో ప్రకటించాడు. ఏడాది నిడివి మారలేదు, రోజే చిన్నది.

ప్రశ్న అడిగినవారు: ఉప్పాడ తీరం

అందరికీ ధన్యవాదాలండీ. పీఠం జరుగుతుందన్న మాటతో నా మూడో సందేహం తీరింది. దాని నుంచే ఇంకొకటి పుట్టింది. తుఫానులు కూడా మనకు ఎక్కువగా అక్టోబర్, నవంబర్ నెలల్లోనే వస్తాయి. 1977 దివిసీమ ఉప్పెనకు తిథి కూడా తోడైందా?

జవాబు: పంచాంగం చదివే మనిషి

తోడు కాలేదు. ఆ ఏడాది అమావాస్య నవంబర్ 11న వచ్చింది. ఉప్పెన వచ్చింది నవంబర్ 19న, అంటే అష్టమి దాటిన వెంటనే, కార్తీక శుద్ధ నవమి ప్రాంతంలో. చంద్రుడూ సూర్యుడూ ఒకరి ప్రభావాన్ని మరొకరు తగ్గించుకునే రోజులవి.

జవాబు: రేవు లెక్కలు

తిథి అష్టమి ప్రాంతమైనా అంత ఘోరం జరిగిందంటే ఉప్పెనకు కారణం ఆకాశం కాదని తెలుస్తూనే ఉంది. తుఫాను గాలి నీటిని ఒడ్డు వైపుకు తోసింది, కృష్ణ ముఖద్వారం దగ్గరి లోతు తక్కువ సముద్రంలో ఆ నీటికి తిరిగి వెళ్లే దారి లేక అయిదు మీటర్ల ప్రాంతానికి లేచింది, దానికి అడ్డుపడేంత ఎత్తు దివిసీమ నేలకు లేదు. మన తీరంలో పర్వవేల పోటుకూ లఘువేల పోటుకూ మధ్య ఎత్తులో తేడా అర మీటరుకు లోపే. అయిదు మీటర్ల ఉప్పెనకు అది కలిసినా, కలవకపోయినా ఫలితంలో పెద్ద మార్పు ఉండదు.

ఒక మీటరు ఎత్తు ఉప్పెన తెచ్చే చిన్న తుఫానుల సంగతి వేరు. మీ ఉప్పాడ రోడ్డు లాంటి చోట్ల అది పోటు మీద వచ్చి పడితే నీరు రోడ్డు దాటుతుంది, ఆరు గంటల తరవాత పాటు మీద వస్తే దాటకపోవచ్చు. అందుకే వాతావరణ శాఖ తన హెచ్చరికల్లో ఉప్పెన ఎత్తును ఖగోళ పోటు మట్టానికి పైన ఇంత అని చెబుతుంది. ఆ అంకె ఒక్కటే చూసి ఊరుకోకూడదు. తుఫాను తీరం దాటే వేళకు మీ దగ్గరి రేవులో పోటు ఎంత ఉంటుందో పట్టికలో చూసి దానికి కలుపుకోవాలి. ఈ పోటు అంచనాలను హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం కూడా అందిస్తోంది. అక్టోబర్, నవంబర్ నెలలైతే నీటి పీఠం కూడా పైకి లేచి ఉంటుందని గుర్తుంచుకుని రోడ్డు ఎత్తుతో పోల్చుకోండి.